స్కీ టౌన్‌లో ఏడాది పొడవునా కాపురం: ఊరును ఎలా ఎంచుకోవాలి

కొలరాడోలోని సమ్మిట్ కౌంటీలో మేము కాపురం పెట్టి ఇది తొమ్మిదో చలికాలం. డాలస్ నుంచో, న్యూజెర్సీ నుంచో క్రిస్మస్ సెలవులకు వచ్చి నాలుగు రోజులు స్కీయింగ్ చేసుకుని వెళ్లే మనవాళ్లు, ఇంటికి చేరీ చేరకముందే అడిగే ప్రశ్న ఒక్కటే: "ఉద్యోగం ఎలాగూ ఇంటి నుంచే కదా, అక్కడికే వచ్చేస్తే ఎలా ఉంటుంది? ఏ ఊరు మంచిది?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వస్తున్న జవాబును ఇక్కడ ఒక క్రమంలో రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా కొలరాడోవే అయినా, యూటా, వయోమింగ్, మోంటానా, కాలిఫోర్నియాలలోని ఊళ్లకూ ఇదే పద్ధతి పనికి వస్తుంది.

జనవరిలో ఏ స్కీ టౌన్ అయినా బాగానే ఉంటుంది. ఊరికీ ఊరికీ ఉన్న తేడా కొండమీదికి తీసుకెళ్లే స్కీ లిఫ్టులు ఆగిపోయిన ఏప్రిల్ చివరలోనూ, మంచు ఇంకా పడని నవంబరులోనూ, కనుమదారి మూసేసిన రాత్రిపూటా బయటపడుతుంది. అందువల్ల ఊరును దాని అతి చెడ్డ నెలను చూసి ఎంచుకోవాలన్నది నా గట్టి నమ్మకం. కింది మెట్లన్నీ ఆ ఉద్దేశంతోనే రాశాను.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

ఇంటిల్లిపాది ఆరోగ్య వివరాలు, ముఖ్యంగా గుండె, ఊపిరితిత్తులు, నిద్రకు సంబంధించినవి కావాలి. అద్దె లేదా ఇంటి వాయిదాతో పాటు హీటింగ్, మంచు తొలగింపు, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రుసుము, ఇంటి బీమా, చలికాలపు టైర్లు కూడా చేర్చిన నెలవారీ ఖర్చుల పట్టిక ఒకటి వేసుకోండి. ఊళ్లను చూసి రావడానికి ఏడాదిలో కనీసం మూడు వేర్వేరు వారాలు కేటాయించండి. చూసినది చూసినట్టు అప్పటికప్పుడు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు ఉంచుకోండి, ఎందుకంటే కొండల అందం జ్ఞాపకాన్ని చాలా సులభంగా మార్చేస్తుంది.

వీటన్నిటికంటే ముందు కావలసింది ఉద్యోగ స్థలం మార్పుకు మీ కంపెనీ ఇచ్చే రాతపూర్వక అనుమతి. హెచ్‌-1బీ మీద ఉన్నవారు దీన్ని ఎంతమాత్రం తేలికగా తీసుకోకూడదు. మీ పిటిషన్‌లో చూపిన నగర పరిధి దాటి మరో ప్రాంతానికి మకాం మార్చి అక్కడి ఇంటి నుంచి పనిచేస్తే, కంపెనీ ఆ చోటికి కొత్త ఎల్‌సీఏ (పనిచోటు, జీతం చూపుతూ కార్మిక శాఖ నుంచి పొందే పత్రం) తీసుకుని, సవరించిన పిటిషన్ దాఖలు చేయవలసి ఉంటుంది. 2015లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల కార్యాలయం ఇచ్చిన సిమియో నిర్ణయం తర్వాత ఈ విషయంలో సందేహానికి తావు లేదు. మేనేజరు నోటిమాటగా "ఫర్వాలేదు" అన్నంత మాత్రాన అది అనుమతి కాదు. కంపెనీ ఇమిగ్రేషన్ లాయరు నుంచి జవాబు రాతలో వచ్చాకే కింది మొదటి మెట్టు ఎక్కండి.

1. ఎత్తును బట్టి జాబితా తయారు చేసుకోండి

మంచు కంటే ముందు చూడవలసినది ఎత్తు. లెడ్‌విల్ 10,100 అడుగులకు పైన, బ్రెకెన్‌రిడ్జ్ 9,600 అడుగుల దగ్గర, ఫ్రిస్కో 9,100 అడుగుల దగ్గర ఉన్నాయి. యూటాలోని పార్క్ సిటీ సుమారు 7,000 అడుగులు, స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ 6,700, డురాంగో 6,500, కాలిఫోర్నియాలోని ట్రకీ 5,800 అడుగుల ఎత్తులో ఉంటే, మోంటానాలోని వైట్‌ఫిష్ కేవలం 3,000 అడుగుల మీద ఉంది. బ్రెకెన్‌రిడ్జ్ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 70 శాతమే ఉంటుంది. సెలవులకు వచ్చిన నాలుగు రోజుల తలనొప్పి వేరు, నెలల తరబడి సరైన నిద్ర లేకపోవడం వేరు. కొందరికి ఒంటికి అలవాటైనా నిద్ర మాత్రం కుదుటపడదు.

పరీక్షించే పద్ధతి ఇది: ఎంచుకోదలచిన ఎత్తులో కనీసం 2 వారాలు ఉండి, రోజూ మామూలుగా ఆఫీసు పని చేసుకుంటూ, ఎన్ని గంటలు నిద్రపట్టిందో రాసుకోండి. రెండో వారంలో కూడా మెరుగు కనిపించకపోతే 7,000 అడుగుల లోపు ఊళ్లకు దిగండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) జన్యువు ఉన్నవారు, గర్భిణులు ముందుగా డాక్టరుతో మాట్లాడి తీరాలి. ఎత్తైన చోట పుట్టే బిడ్డల బరువు సగటున కొంత తక్కువగా ఉంటుందన్నది కొలరాడో డాక్టర్లకు చాలాకాలంగా తెలిసిన విషయం.

అమ్మానాన్నలు ఏటా వచ్చి 6 నెలలు ఉండిపోయే కుటుంబాలు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. హైదరాబాదు సుమారు 1,800 అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల మనిషిని విమానం దిగిన సాయంత్రమే 9,000 అడుగులకు తీసుకురావద్దు. 5,280 అడుగుల డెన్వర్‌లో రెండు మూడు రాత్రులు ఆపి, అప్పుడు పైకి తీసుకురండి. చలికాలంలో వారికి గుమ్మం దాటి నడిచే వీలు ఎంత ఉంటుందో కూడా ఆలోచించండి. మేమైతే వారిని జూన్‌కు ముందు రమ్మనము.

ఇక వంట. 9,000 అడుగుల ఎత్తులో నీళ్లు 91 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. తెరిచిన గిన్నెలో పెట్టిన కందిపప్పు గంటన్నర గడిచినా పలుకుగానే మిగులుతుంది. కుక్కర్ లేనిదే పప్పు లేదు, అందులోనూ కింద ఊళ్లలో కంటే రెండు మూడు విజిళ్లు ఎక్కువ రావాలి. ఇడ్లీ ఆవిరి మీద ఇంకో ఐదారు నిమిషాలు ఉండాలి. పిండి పులియాలంటే చలికాలంలో ఓవెన్‌లోని బల్బు వెలిగించి, అందులో రాత్రంతా ఉంచాలి. ఇదేమీ ఊరు మానుకోవలసినంత కష్టం కాదు, ముందుగా తెలిస్తే చాలు.

2. ఊరికి ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టండి

మ్యాపు తెరిచి, ఆ ఊరి నుంచి పెద్ద ఆసుపత్రికీ, విమానాశ్రయానికీ వెళ్లడానికి ఎన్ని రోడ్లున్నాయో చూడండి. ప్రధాన దారి మూసేస్తే రెండో దారి ఎంత పొడవో మైళ్లలో రాసుకోండి. చాలామంది ఇక్కడ మంచు తుపానుల గురించే ఆలోచిస్తారు. కానీ ఈమధ్య కాలంలో జనాన్ని బాగా ఇబ్బంది పెట్టిన మూడు సంఘటనలు చూడండి. 2020 నాటి కార్చిచ్చులో కాలిన కొండచరియల మీద 2021 జూలైలో కుండపోత వాన పడి, గ్లెన్‌వుడ్ కాన్యన్‌లో బురద, రాళ్లు ఐ-70 మీదికి కొట్టుకురావడంతో ఆ రహదారి రెండు వారాలకు పైగా మూతపడింది. 2024 ఏప్రిల్‌లో గన్నిసన్, మాంట్రోజ్‌ల మధ్య హైవే 50 మీద బ్లూ మెసా వంతెన ఉక్కులో పగుళ్లు కనిపించి వంతెనను మూసేశారు. 2024 జూన్ 8న వయోమింగ్‌లోని టీటన్ పాస్ అనే కనుమదారి మీద రోడ్డులో ఒక ముక్క మొత్తం కొండ కిందికి జారిపోయింది. ఐడాహో వైపు డ్రిగ్స్, విక్టర్ ఊళ్లలో ఉంటూ జాక్సన్‌లో పనిచేసేవాళ్లు తాత్కాలిక రోడ్డు వేసేవరకు, దాదాపు మూడు వారాలపాటు, గంటకు పైగా అదనంగా చుట్టు తిరిగి వెళ్లారు. మూడింటిలో ఒక్కటీ చలికాలంలో జరగలేదు.

ఒకే దారి ఉన్న ఊరు పనికిరాదని నా ఉద్దేశం కాదు. అలాంటి ఊళ్లో ఉండదలచినవారు ఇంట్లో రెండు వారాలకు సరిపడా మందులు, బియ్యం, పప్పులు ఉంచుకోవాలి. వారానికి ఒకసారైనా తప్పక కిందికి దిగవలసిన పని, అంటే డయాలసిస్ లాంటి చికిత్స గానీ ఆఫీసు హాజరు గానీ ఉన్నవారు మాత్రం అలాంటి ఊరును జాబితా నుంచి తీసేయడమే మంచిది.

మంచి టైర్లు లేకుండా ఈ పరీక్షకు బయలుదేరవద్దు. ఐ-70 మీద మారిసన్, డోట్సెరోల మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ చట్టం (మంచు మీద పట్టు ఉండే టైర్ల నియమం) అమల్లో ఉంటుంది. టైరు ట్రెడ్ కనీసం అంగుళంలో 3/16 వంతు ఉండాలి. ఆల్ వీల్ డ్రైవ్ కారు మంచు మీద కదలడానికి సాయపడుతుంది తప్ప, ఆగడానికి కాదు. ఆపేది టైరే.

3. చెడ్డ నెలల్లో వెళ్లి ఉండి చూడండి

చాలా ఊళ్లలో ఏప్రిల్ మధ్యకల్లా లిఫ్టులు ఆగిపోతాయి. అక్కడి నుంచి మే చివరి వరకు ఉండే కాలాన్ని ఇక్కడివాళ్లు మడ్ సీజన్ అంటారు. మంచు కరిగి కాలిబాటలన్నీ బురదవుతాయి, సగం హోటళ్లు తలుపులు మూస్తాయి, బస్సులు తగ్గుతాయి. అక్టోబరు చివరి నుంచి థాంక్స్‌గివింగ్ వరకు ఇంకో దఫా ఇలాగే ఉంటుంది. మీ మూడు వారాల్లో ఒకటి ఏప్రిల్ చివర, ఒకటి నవంబరు మొదట, ఒకటి జనవరిలో పెట్టుకోండి. సెలవులేవీ లేని మామూలు వారాలైతే మరీ మంచిది.

నవంబరు వారంలో చేయవలసిన పని ఒకటుంది. మంగళవారమో, బుధవారమో రాత్రి 7 గంటలకు, మీరు ఉండాలనుకుంటున్న వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరి వరకు నడుస్తూ, దీపం వెలుగుతున్న ఇళ్లెన్నో, చీకటిగా ఉన్న ఇళ్లెన్నో లెక్కపెట్టండి. సమ్మిట్ కౌంటీలో సగానికి పైగా ఇళ్లలో ఏడాది పొడవునా ఉండేవారు లేరు, అవి సెలవుల ఇళ్లో, రోజువారీ అద్దె ఇళ్లో. మేము మొదట చూసిన వీధిలో 22 ఇళ్లకు 3 ఇళ్లలోనే దీపాలున్నాయి. అర్ధరాత్రి పైపు పగిలినా, కారు మంచులో కూరుకుపోయినా ఆ వీధిలో తలుపు తట్టడానికి మనిషి ఉండడు. ఇప్పుడు మేమున్న వీధిలో ఆ లెక్క 17కు 12. పిల్లలకు ఆటకు తోడు, మాకు పార తెచ్చి సాయపడే పొరుగు, రెండూ దొరికింది ఆ 12 ఇళ్ల వల్లనే.

4. ఇంటి మీద ఎండ, కప్పు మీద మంచు చూడండి

ఇంటర్నెట్ ఫొటోలలో తెలియని విషయం ఇది. మా మొదటి అద్దె ఇంటికి దక్షిణాన ఒక గుట్ట ఉండేది. డిసెంబరులో వంటింటి కిటికీ మీదికి ఎండ పదకొండుంబావుకు వచ్చి, ఒంటిగంటన్నర దాటగానే వెళ్లిపోయేది. ఉత్తరం వైపు ఉన్న డ్రైవ్‌వే మీద నవంబరులో కట్టిన మంచుగడ్డ మార్చి వరకు కరగలేదు. దాని మీద రెండుసార్లు జారి, రెండోసారి నా మణికట్టు విరిగింది. అదే ఊళ్లో, పావు మైలు దూరంలో, దక్షిణానికి తెరిచి ఉన్న ఇళ్ల ముందు తుపాను వెళ్లిన మూడో రోజుకే నేల కనిపించేది. సూర్యుడి దారిని చూపే ఫోన్ యాప్‌తో డిసెంబరు 21న ఆ ఇంటికి ఎండ ఎన్ని గంటలు వస్తుందో వేసవిలో కూడా తెలుసుకోవచ్చు.

కప్పు విషయంలో, రేకుల కప్పు మీది మంచు ఒక్కసారిగా జారి ఎక్కడ పడుతుందో చూడండి. గుమ్మం మెట్ల మీద గానీ, గ్యాస్ మీటరు మీద గానీ పడే ఇల్లు ప్రమాదం. ఫర్నేసు పొగ గొట్టం గోడ పక్కన తక్కువ ఎత్తులో ఉంటే మంచు దాన్ని పూడ్చేసి, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తిరిగి వస్తుంది. ప్రతి పడకగది దగ్గరా అలారం ఉందో లేదో చూడండి. డ్రైవ్‌వే నుంచి తీసిన మంచును ఎక్కడ పోస్తారని ఇంటాయనను అడగండి. జవాబు వెంటనే రాకపోతే, ఫిబ్రవరిలో మీ కారు నిలిపే చోటే ఆ మంచుకుప్ప అవుతుంది.

5. ఇల్లు దొరికే మార్గాలు

ఊరి మధ్యలో ధరలు అందనప్పుడు జనం రెండు దారులు చూస్తారు. ఒకటి డీడ్ రిస్ట్రిక్షన్ ఉన్న ఇళ్లు. స్థానికంగా పనిచేసేవారికే ఉండేలా షరతు పెట్టడం వల్ల వీటి ధర తక్కువగా ఉంటుంది. 2017లో వెయిల్ పట్టణం మొదలుపెట్టిన ఇన్‌డీడ్ పథకం ఈ పద్ధతిలో పేరు పొందింది. అయితే చాలా చోట్ల అదే కౌంటీలోని సంస్థకు వారానికి సగటున 30 గంటలు పనిచేయాలన్న నియమం ఉంటుంది. బయటి కంపెనీకి ఇంటి నుంచి పనిచేసే మనలాంటివారికి చాలాసార్లు ఇవి వర్తించవు. షరతు పత్రం పూర్తిగా చదవనిదే అడ్వాన్సు కట్టవద్దు.

రెండోది లోయ కిందికి జరగడం. ఆస్పెన్‌కు బదులు కార్బన్‌డేల్, క్రెస్టెడ్ బ్యూట్‌కు బదులు గన్నిసన్, వెయిల్‌కు బదులు ఈగిల్, పార్క్ సిటీకి బదులు హీబర్ సిటీ. వీటిలో ఏడాది పొడవునా ఉండే కుటుంబాలు ఎక్కువ, కిరాణా దుకాణాలకు ఆఫ్ సీజన్ ఉండదు. గన్నిసన్, క్రెస్టెడ్ బ్యూట్‌ల మధ్య ఉచిత బస్సు కూడా ఉంది. నిజం చెప్పాలంటే పిల్లలున్న కుటుంబానికి నేను మొదట సూచించేది ఇలాంటి ఊళ్లనే. ఒక్క హెచ్చరిక: చలి ఎప్పుడూ లోయ అడుగునే పేరుకుంటుంది కాబట్టి గన్నిసన్ తెల్లవారుజాములు పైనున్న క్రెస్టెడ్ బ్యూట్ కంటే తీవ్రంగా ఉంటాయి.

6. ఆసుపత్రి, బడి, మనవాళ్లు

ఆసుపత్రి ఉందా అని అడిగితే సరిపోదు. విరిగిన ఎముకలకు ఈ ఊళ్లలో మంచి వైద్యం దొరుకుతుంది. కాన్పు, పిల్లల వైద్యం, గుండె వైద్యం సంగతి విడిగా అడగాలి. పసిపిల్లలున్నవారు ఇల్లు వెతకడానికంటే ముందే డేకేర్ వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకోవాలి.

గుడి, ఇండియన్ స్టోరు, తెలుగు మాట వినిపించే చోటు కూడా అవసరాలే. ఈ విషయంలో పార్క్ సిటీకి సాటి లేదు. సాల్ట్ లేక్ లోయ అరగంట ముప్పావు గంటలో వస్తుంది, సౌత్ జోర్డన్‌లో గణేశుడి గుడి ఉంది. సమ్మిట్ కౌంటీ నుంచి డెన్వర్ 70 మైళ్లు, కానీ చలికాలపు ఆదివారం సాయంత్రం స్కీయింగ్ జనం తిరిగి వెళ్లేటప్పుడు ఆ 70 మైళ్లకు మూడు గంటలకు పైగా పట్టవచ్చు. మేము సంక్రాంతి సామాను మంగళవారం తెచ్చుకుంటాం.

7. కొనేముందు బీమా, రాడాన్

ఇల్లు నచ్చాక బీమా చూసుకుందామనుకోవడం ఇప్పుడు కుదరని పని. 2021 ఆగస్టు 30న కాల్డోర్ కార్చిచ్చు ముంచుకొస్తుంటే సౌత్ లేక్ టాహో ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించారు. అలాంటి ప్రాంతాల్లో మామూలు కంపెనీలు వెనక్కి తగ్గుతున్నాయి, కాలిఫోర్నియాలో చివరి దిక్కుగా ఫెయిర్ ప్లాన్ (మామూలు బీమా దొరకనివారి కోసం ఉన్న పథకం) తీసుకున్నవారు ఎందరో. ఆఫర్ పెట్టకముందే, ఆ ఇంటి చిరునామా మీద కనీసం రెండు బీమా కోట్‌లు రాతలో తీసుకోండి. అమెరికా అటవీ శాఖ ఉచితంగా పెట్టిన కార్చిచ్చు ముప్పు మ్యాపులో ఊరు పేరు కొట్టి చూడండి.

రాడాన్ మట్టి నుంచి ఇంట్లోకి చేరే వాసనలేని వాయువు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణం. గాలిలో లీటరుకు 4 పికోక్యూరీలు (రేడియోధార్మికత కొలత) దాటితే సరిచేయించుకోవాలి. కొలరాడోలో దాదాపు సగం ఇళ్లు ఆ హద్దు దాటినవే. పరీక్ష కిట్ చవక, ఫ్యాను అమర్చితే సమస్య తీరుతుంది. దీనికోసం ఇల్లు వదులుకోనక్కరలేదు, పరీక్ష మాత్రం మానవద్దు. కాండో అయితే హెచ్‌ఓఏ మూడేళ్ల మీటింగ్ మినిట్స్ అడిగి చదవండి. "కప్పు" అన్న మాట పదేపదే కనిపిస్తే పెద్ద మొత్తంలో ప్రత్యేక వసూలు రాబోతున్నట్టే.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా చూసేది, సీజన్ పాస్‌ను (సీజనంతా లిఫ్టులు ఎక్కడానికి కొనే టికెట్టు, ఒక్కోటి కొన్ని ఊళ్లకే చెల్లుతుంది) బట్టి ఊరిని ఎంచుకోవడం. ఎపిక్ పాస్ కొన్నాం కాబట్టి బ్రెకెన్‌రిడ్జ్, ఐకాన్ కొన్నాం కాబట్టి స్టీమ్‌బోట్ అంటారు. పాస్ ఏటా మార్చుకోవచ్చు, బడిని ఏటా మార్చలేం. రెండోది, భార్యాభర్తల్లో ఒక్కరికే స్కీయింగ్ ఇష్టం ఉండి, రెండోవారిని సరిగా అడగకపోవడం. రెండో ఏడాదికే వెళ్లిపోయిన కుటుంబాలలో నాకు తెలిసిన కారణం ఎక్కువసార్లు ఇదే. స్కీయింగ్ ఇష్టం లేని మనిషి ఫిబ్రవరి మంగళవారం ఉదయం నుంచి రాత్రి వరకు ఏం చేస్తారో ఆ మనిషి చేతే రాయించండి. మూడోది, ఇంటర్నెట్ ఊళ్లో బాగుంది కాబట్టి ఇంట్లోనూ బాగుంటుందనుకోవడం. లోయ మలుపు తిరిగితే వేగం మారిపోతుంది, ఆ గదిలోనే కూర్చుని ఒక వీడియో మీటింగ్ చేసి చూడండి.

8. ఏడాది అద్దెకుండి, ఫలితం సరిచూసుకోండి

మూడు వారాలూ అయ్యాక మిగిలిన ఊళ్లో 12 నెలల అద్దె ఒప్పందం చేసుకోండి. సెప్టెంబరులో మొదలయ్యే ఒప్పందమైతే నవంబరు, మడ్ సీజన్ రెండూ మీ పరిధిలోకి వస్తాయి, ముగిసేది వేసవి చివర కాబట్టి మారాలన్నా మంచు అడ్డు రాదు. చలికాలంలో ఖాళీ చేయమనే షరతు ఒప్పందంలో లేకుండా చూసుకోండి. ప్రతి నెలాఖరునా నాలుగు సంగతులు రాయండి: రోడ్డు మూసేసిన రోజులెన్ని, సరిగా నిద్రపట్టని రాత్రులెన్ని, మొదట వేసిన పట్టిక కంటే ఎంత ఎక్కువ ఖర్చయింది, ఇరుగుపొరుగుతో కలిసి భోంచేసిన రోజులెన్ని. మే నెల పేజీని ఇంట్లో ప్రతి ఒక్కరూ విడివిడిగా రాసి, అప్పుడు కలిసి చదవండి. ఇల్లు కొనే మాట ఆ పేజీ చదివాక ఎత్తండి. ఇద్దరి పేజీలూ పొసగకపోతే ఇంకో ఏడాది అద్దెకే ఉండండి, అందుకోసం అద్దె ఒప్పందం పొడిగింపు గురించి ఇంటాయనను జూన్‌లోపే అడిగి ఉంచుకోండి, ఎందుకంటే జూలై వచ్చేసరికి ఇక్కడ అద్దె ఇల్లు దొరకదు.